పది యడుగుల దూరము

ప్రచండ మార్తాండుని ఖరకిరణములు సోకి పలనాటి నాపరాతి నేలలు పెనమువలె కాగుచుండ పశువులు నీడ గానక యొండొంటి కడుపుల క్రింద తలలు దూర్చి రొప్పుచుండ ఇసుక మాత్రమే మిగిలిన వాగు నడుమ చెలమలు త్రవ్వుకొని స్త్రీలు చిప్పలతో నీరు తోడుకొనుచుండిన యొకానొక వైశాఖమాసపు టాదివారమున గుండ్లపాటి క్రైస్తవపేట ప్రార్థనాలయమందు ఆరాధన ముగిసెను. ముగిసినను జనులు లేవలేదు. బోధకుడు సత్యానందముగారు చేయెత్తి వారిని కూర్చుండుడని వేడెను.

మంత్రసాని సంద్రమ్మకు పక్షవాతము వచ్చి కుడిపార్శ్వము పడిపోయినదనియు కొడుకు లిద్దరును కృష్ణానది కావల రోడ్డు పనులకు పోయి ఏడాదియై జాడ తెలియకున్నారనియు నాల్గు దినములుగా ఆ ముసలిది తన మలమూత్రములలోనే పొరలాడుచున్నదనియు ఆయన విన్నవించి దిక్కులేని యామెకు పూటకింత గంజి పోయువారెవ్వరని యడిగెను. అచట కూర్చున్నవారిలో సగము మందిని ఈ లోకమున మొట్టమొదట తాకినవి ఆ సంద్రమ్మ చేతులే. అయినను ఒకడు కీర్తనల పుస్తకమున లేని పుట వెదకెను. ఒకతె చంకలోని బిడ్డకు లేని జ్వరమును నొసట తాకి చూచెను. సంఘపెద్ద తీతుగారు గోడమీది బల్లిని తదేకదృష్టితో పరిశీలించెను.

అప్పుడు వెనుక వరుసనుండి రాహేలమ్మ లేచి నిలుచుండెను.

“నేను చూసుకుంటానయ్యా.”

జనులు నివ్వెరపోయిరి. ఏలయన ఆ యిరువురి వైరము పేటయంతయు నెరిగినదే. వారివి ఒకే గోడ నడుమగల యిండ్లు. ఆరేండ్లకు పూర్వము తూము నీటి విషయమై పుట్టిన కలహము పెరిగి మాటలు తెగినవి. వితంతువైన రాహేలమ్మ యేకైక పుత్రిక కృపమ్మకు ఆ సంవత్సరముననే తొలికాన్పు నొప్పులు మిట్టమధ్యాహ్నమున ప్రారంభమాయెను. సంద్రమ్మకు కబురు పోయెను. సంద్రమ్మ రాలేదు. ప్రొద్దు క్రుంకకమునుపే తల్లియు బిడ్డయు కన్ను మూసి యొకే గోతిలోనికి చేరిరి. అట్టి రాహేలమ్మ యిప్పుడు తన కూతును చంపిన దానికి గంజి పోయుదునని లేచినది! సత్యానందముగారి కన్నులు చెమర్చెను. పగవారిని ప్రేమించుట యననేమో ఈ దినమున కన్నులార గంటిమని యాయన సంఘమునకు చెప్పెను.

రాహేలమ్మ పరిచర్యలో వేలెత్తి చూపదగిన లోప మొకటియు లేకుండెను. వేకువనే వేపాకు వేసి కాచిన నీటితో రోగి యొడలు తుడుచును. పడకపుండ్లకు ఆముదము రాయును. పక్క త్రిప్పి పరుండబెట్టి జొన్నగంజి నులివెచ్చన చేసి గరిటెతో నోట పోయును. చీరలు ఉతికి ముండ్లకంపపై నారవేయును. అన్నియు జరుగుచుండెను గాని మాట మాత్రము లేదు. ఆరు మాసములలో నామె పెదవి విప్పి సంద్రమ్మతో నొక్క యక్షరమైనను పలికి యెరుగదు. గరిటె నెత్తిన ప్రతిసారియు ‘నీ ప్రాణము నా చేత నున్నది’ అను తలంపు ఆమె హృదయమున తేనె బొట్టువలె జారుచుండెను. ఆ తీపి యేమిటో ఆమెకు తెలియును. తెలిసియే మోకాళ్లూని ప్రార్థించును. ‘క్షమించితిని’ అని పలుకబోవును. నాలుక పిడచగట్టుకొని పోవును.

పేటవా రిదియంతయు నెరుగరు. మొదట జాలితో మజ్జిగచుక్క తెచ్చి యిచ్చుచుండిన ఇరుగుపొరుగువారు సైతము ‘రాహేలమ్మ ఉంది గదా’ యని మానుకొనిరి. బోధకుడు మూడు ప్రసంగములలో నామె పేరు చెప్పెను. ఆ పేరు చెప్పబడునపుడెల్ల జనులు తామే యేదియో సత్కార్య మొనర్చినట్లు తృప్తితో తలలూపుచుండిరి.

కార్తికమాసమున నొక యుదయమున సంద్రమ్మ సగము చచ్చిన నోటితో తానే మాటాడెను.

“రాహేలూ, నీ కూడు తింటన్నా గానీ దాని రుచి తెలవదనుకోమాక. ఆకలికి తింటన్నా. ఒక్క మాట ఇను. ఆ రోజు బొడ్డు కోసే కత్తీ నూలూ కొంగున కట్టుకుని గడపలోనే కూచున్నానే. నువ్వొచ్చి ‘అక్కా, రా’ అంటావని చూశా. నువ్వు గోడ కాడ నిలబడి ఆ పక్కింటి పిల్ల దీనమ్మ చేత కబురంపావు. నీ గొంతు నాకినబడతానే ఉంది. పదడుగులే రాహేలూ. నువ్వూ రాలా. నేనూ రాలా. నీ పిల్ల పోయింది.”

రాహేలమ్మ చేతిలోని గరిటె నిలిచిపోయెను.

“నన్ను చమించు తల్లీ. నేను నిన్నెప్పుడో చమించా. నోరు తెరిచి ఒక్క మాట అను.”

రాహేలమ్మ ఆమె మూతి తుడిచి ముంత చేతబట్టుకొని వెడలిపోయెను. ఆమె విన్నది క్రొత్త సంగతి కాదు. ఆ మధ్యాహ్నమున గోడకు వీపానించి లోపల కూతురి కేకలు వినుచు ‘పోదును, పోయి పిలుతును’ అని మనసు మొత్తుకొనుచుండగా కాలు కదలక నిలుచుండిన దామె. ఆరేండ్లుగా నామె నోరు మెదపకుండుట పగచేత మాత్రమే కాదు. మాట మొదలిడినచో నేదో యొకనా డీ మాట వచ్చునను భయముచేత. ఇంతకాలము ఒక్కతెపై మోపి యుంచిన మరణభారములో సగపాలు ఇప్పుడు తన భుజములపైకి వచ్చి కూర్చుండెను.

మరి రెండు దినములు మునుపటివలె మూగగానే గంజి పోసెను. మూడవనాటి వేకువ నామె నిదుర లేని కన్నులతో పొరుగింటి తలుపు త్రోసి యేడవ యేట మొదటిసారిగా “అక్కా” యని పిలిచెను. సంద్రమ్మ పలుకలేదు. రెండవమారు వాతము కొట్టి యుండెను. కన్నులు తెరచియే యున్నవి గాని యెదుటనున్నది మనిషియో మ్రానో యెరుగక చూచుచుండెను. రాహేలమ్మ ఆమె చెవికడ నోరుంచి, “నాదే తప్పక్కా! నేనొచ్చి పిలవాల్సింది! ఇంటున్నావా?” అని బిగ్గరగా నఱచెను. గంజి గ్రుక్క మాత్రము అలవాటుచొప్పున గొంతు దిగెను.

అది మొదలు రాహేలమ్మ నోరు మూయలేదు. కృపమ్మ బాల్యమును గూర్చియు తూము తగవును గూర్చియు తన యహంకారమును గూర్చియు ప్రతిదినమును ఆ వినని చెవికి చెప్పుకొనుచుండెను. గోడకావల విన్నవారు, “మంచాన పడ్డదానితో ఎంత ముద్దుగా మాట్లాడతదో” యని మెచ్చుకొనిరి.

పుష్యమాసపు చలిలో సంద్రమ్మ కన్ను మూసెను. సమాధికడ సత్యానందముగారు రాహేలమ్మ ప్రేమను కొనియాడుచుండగా నామె జనులను ద్రోసికొని ముందునకు వచ్చెను.

“అయ్యా, ఆపండి. నేనామెను ప్రేమించలా. పగతోనే పెట్టా. నా బిడ్డను ఈమె ఒక్కతే చంపలా, నేనూ చంపా. పది అడుగులేసి పిలవలేకపోయా.”

బోధకుడు కన్నులు తుడుచుకొని, “చూచితిరా! ఎంతటి తగ్గింపు!” అనెను. తీతుగారు తల యూపెను. స్త్రీలు వచ్చి యామె చేతులు పట్టుకొని యేడ్చిరి. వారి నడుమ రాహేలమ్మ వాదించినకొలది వారి భక్తి యధికమాయెను. పిదప నామె నాల్గైదిండ్లకు పోయి అదియే చెప్పెను. ప్రతి యింటను పీటవేసి కూర్చుండబెట్టి మంచినీళ్లిచ్చి విననే వినకుండిరి. మనుష్యులకు పుణ్యాత్ములు కావలయును; ఒకరిని దీపమువలె ఎత్తున నిలిపినచో తక్కినవారు చమురు తేనక్కరలేక సుఖముగా నుండవచ్చును గదా. కడకామె చెప్పుట మానెను.

మాఘమున నొక యుదయమున నిండు చూలాలైన చిన్నది యొకతె తల్లి వెంట వచ్చి రాహేలమ్మ ముంగిట మోకరిల్లెను. “ఈ పేటకు మంత్రసాని కూడా లేదు అవ్వా. నీ చెయ్యి నా తలమీద పెట్టు, కాన్పు తేలిగ్గా అవుద్ది” అనెను. రాహేలమ్మ కాదనబోయి యా పిల్ల మొగమున గల భయమును చూచి యనలేకపోయెను. నూనె రాసిన యా తలపై చేయి మోపెను. ఆ చేయి కొమ్మను వీడనున్న పండుటాకువలె గడగడ వడకెను.

చిన్నది కన్నులు మూసికొని యా వణకును దీవెన యనుకొనెను.