పేపర్ల చీటీ

గౌడవెల్లి దాటాక వచ్చే ఆ ప్రైవేటు యూనివర్సిటీకి పేరంటే మహా మోజు. ఏడాదికి ఎన్ని పరిశోధన పేపర్లు అచ్చయితే అంత పేరు వస్తుందని వైస్ చాన్సలర్ గారికి ఎవరో చెప్పారు. ఆయన నమ్మేశారు. గండిమైసమ్మ చౌరస్తాలో "పరిశోధనలో మేమే ముందు" అని పెద్ద ఫ్లెక్సీ కట్టించి, ఆ తర్వాత పరిశోధన చేయండంటూ లెక్చరర్ల మీద పడ్డారు. పేపర్ల సంఖ్య చూపిస్తేనే ప్రమోషన్ అన్నారు.

క్లాసులతోనే ఊపిరాడని వాళ్లు పేపర్లెప్పుడు రాయాలి? సివిల్ డిపార్ట్‌మెంటు దేవేందర్ సారుకు ఉపాయం తట్టింది. వాళ్లావిడ కాలనీలో చీటీలు నడుపుతుంది. అదే పద్ధతిలో ఈయన తనతో కలిపి ఆరుగురు లెక్చరర్లతో పేపర్ల చీటీ మొదలుపెట్టాడు. వంతు వచ్చిన వాళ్లు ఒక పేపరు రాయాలి, దాని మీద ఆరుగురి పేర్లూ వేయాలి. ఎవరి పేరు ముందుండాలన్న తగువు రాకుండా, వాళ్లలో ఒకరైన సరళ మేడం టిఫిన్ డబ్బాలో పేర్లు వేసి లాటరీ తీసేవారు. ఒకటి రాస్తే ఆరు చేతికొస్తాయి. దీన్ని మోసం అని ఎవరూ అనుకోలేదు, సహకారం అనుకున్నారు.

జువాలజీ చెప్పే రేచల్ కూడా అందులో చేరింది. కోళ్ల దాణా ధరల మీద ఆమె పేరు అచ్చయింది. సోలార్ పొయ్యి మీద అచ్చయింది. బూడిద కలిపిన కాంక్రీటు మీదనైతే లాటరీ తగిలి ఆమె పేరే మొదట పడింది. అది చూసి వాళ్ల నాయిన దానియేలు, "గింత కాంక్రీటు తెలిసినదానివి, మనింట్ల కురుస్తున్న స్లాబు సంగతి జర సూడరాదు బిడ్డా" అన్నాడు. రేచల్ నవ్వింది గానీ లోపల సిగ్గేసింది.

తన వంతు వచ్చేసరికి ఆమె దగ్గర సిద్ధంగా ఉన్నది ఒక్కటే. కొర్రమీను జంట తన పిల్లల గుంపును ఎలా కాచుకుంటుందో శామీర్‌పేట చెరువు గట్టున వానాకాలాలన్నీ తడుస్తూ కూర్చుని చూసి, రాసుకున్నది. అది ఆమె ప్రాణం. చీటీలో వేయడానికి మనసొప్పలేదు.

"గిదొక్కటి వదిలెయ్యున్రి సార్. ఇంకోటి రాసిస్త," అంది దేవేందర్‌తో.

"అట్లెట్ల మేడం? చీటీ ఎత్తుకున్నంక కట్టకపోతె ఎట్ల? నేను రాసిన కాంక్రీట్ల మీ పేరు ముంగట వెట్టలేదా?" అన్నాడాయన. కోపంగా కాదు, న్యాయంగానే.

టిఫిన్ డబ్బా తెరిచారు. కొర్రమీను పేపరులో దేవేందర్ పేరు మొదట పడింది. రేచల్‌ది ఐదోది. ఆ రోజు ఆమె అన్నం తినలేకపోయింది.

పేపర్లు కుప్పలుగా అచ్చయ్యాయి, యూనివర్సిటీ పేరు నిజంగానే పెరిగింది. పెరిగిన పేరును చూసిపోదామని, ర్యాంకులిచ్చే సంస్థ తరఫున ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ వచ్చాడు. ఈయన పేపర్లను లెక్కపెట్టే మనిషి కాదు, చదివే మనిషి. అలాంటి వాళ్లు ఇంకా మిగిలున్నారని వైస్ చాన్సలర్ గారికి తెలియదు. వచ్చినాయన ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి, ఎవరి పేరు మొదట ఉంటే ఆ పేపరు గురించి వాళ్లనే అడగడం మొదలుపెట్టాడు.

దేవేందర్ చెమట తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "కొర్రమీను గురించి అడిగిండు మేడం. పరేషానై పులుసు ఎట్ల వెడ్తరో జెప్పిన. మొత్తం ఇన్నడు గని ఏమనలే. మీరు జర పైలం."

రేచల్ లోపలికి వెళ్లింది. ఆయన కాంక్రీటు గురించి అడిగాడు.

"నీళ్లు మంచిగ కొట్టాలె సార్," అంది.

"ఇంకా?"

"మస్తు కొట్టాలె సార్."

ఆయన జాలిపడ్డట్టున్నాడు. "పోనీ, మీకు నచ్చిన విషయం ఏదైనా చెప్పండమ్మా," అన్నాడు.

ఆమెకు నోరు తెరుచుకుంది. నీళ్ల మీద ఎర్రగా కదిలే పిల్లల గుంపు గురించి, అడుగున కాపలా తిరిగే పెద్ద చేపల గురించి, మనిషి నీడ పడగానే అవి ఎలా ఎదురొస్తాయో చెప్పుకుపోయింది. బల్ల మీది చాయ్ చల్లారిపోయింది. ఇద్దరూ పట్టించుకోలేదు.

"ఎంత బాగా చెప్పారు! ఐదో పేరుగా కాదు, ఆ కొర్రమీను పేపరు మీరే రాసి ఉండాల్సిందమ్మా. పోయి పోయి కాంక్రీటు మీద ఎందుకు పడ్డారు?" అన్నాడాయన నొచ్చుకుంటూ.

రేచల్‌కు మనసు చివుక్కుమంది. ఇది నాది అనాలంటే అది నాది కాదనాలి. ఒకటి కాదంటే వరసపెట్టి అన్నీ పోతాయి. వాటితోపాటు వచ్చే నెల ప్రమోషనూ పోతుంది.

"కొర్రమీను నేనే రాసిన సార్," అంది చివరికి. "కాంక్రీటు నాది గాదు. తక్కినయి గూడ నాయి గావు. వాటిల్ల నా పేరు కొట్టెయ్యున్రి."

ఆయన కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. "ఆలోచించుకో తల్లీ. అన్నీ కొట్టేస్తే నీకు మిగిలేది ఒక్కటే."

"రాసిందే ఒక్కటి సార్," అంది రేచల్.