పాలలో పడ్డ బొమ్మ

హుస్సేనీ ఆలం బస్తీలో పాలమ్మే సత్తెమ్మ ఇంట్లో బర్రెలు పిండే వేళకు కంప్యూటర్ సంగతి చూసుకోవాలి. ఆ ఇంటి తీరే అంత. కంప్యూటర్ ఆడించలేని వీడియో ఏదన్నా అందులో ఉందంటే, దాని బొమ్మ వచ్చి పాల మీద తేలుతుంది.

"నందినీ! బకెట్ల ఎవరిదో బారాత్ నడుస్తున్నది. జర చూడు బిడ్డా," అని సత్తెమ్మ కొట్టంలోంచి కేకేస్తే, కూతురు నందిని పోయి కుర్చీలో కూచునేది. వీడియోని మడతలు మడతలుగా చుట్టి ఫైల్లో పెడతారు. ఆ మడత విప్పేదే కోడెక్. ఏ మడతకు ఏ కోడెక్ కావాలో వెతికి, నెట్‌లోంచి దించి ఎక్కిస్తే, బొమ్మ తెర మీదికి పోయేది, పాలు తెల్లబడేవి. ఎప్పుడన్నా ఆలస్యమైతే, రోజూ పాలు పోయించుకునే సోమయ్య తాత ఖాళీ గిన్నెతో వచ్చి, "నిన్న నా చాయ్‌ల ఎవరికో పసుపు రాసిన్రు. పెండ్లికి మాత్రం పిలువకపోతిరి," అని దెప్పిపోయేవాడు.

పెళ్లిళ్లకు వీడియోలు తీసే సాగర్‌ది రెండు గల్లీల అవతల ఇల్లు. వాళ్లింటికీ సత్తెమ్మ పాలే. వారం తిరక్కముందే వచ్చేవాడు. "గీ ఫైల్ ఓపెన్ అయితలేదు నందినీ, ఇగ నువ్వే దిక్కు," అని పెన్ డ్రైవ్ ఇస్తే, దాని వెచ్చదనం ఆమె అరచేతిలో చాలాసేపు ఉండేది. అతను పక్కన స్టూలు మీద కూచుని తెరను చూసేవాడు. ఆమె ఆ తెర నలుపులో అతని ముఖం చూసేది. బొమ్మ వచ్చేదాకానే ఆ భాగ్యం. అందుకే తెలిసిన కోడెక్‌ని కూడా తెలియనట్టు మెల్లగా వెతికేది.

ఆ రోజు తెచ్చింది జహనుమాలో జరిగిన చర్చి పెళ్లి. పాడు బొమ్మ, పెట్టగానే వచ్చేసింది. అందులో పెళ్లికూతురు తక్కువ, ఆమె చెల్లెలు ఎక్కువ. పూలు పట్టుకొని ఆమే, కేకు దగ్గర ఆమే, మెట్ల మీద కొంగు సర్దుకుంటూ ఆమే.

"ఎవలీ పిల్ల?"

"స్వీటీ. మస్తు నవ్వుతది. కెమెరాకు అస్సలు భయపడది."

"నీ కెమెరా గూడ ఆమెను ఇడిసి కదుల్తలేదు గద."

"వాళ్ల డాడీ చెప్పిండు, చిన్నదాన్ని గూడ మంచిగ తియ్యుమని," సాగర్ నవ్వాడు. "కాపీ చేసి పెట్టు, రేపు తీస్కపోత."

అతను పోయాడు. తెర మీద స్వీటీ మిగిలింది. సాగర్ కూచున్నంతసేపూ చూసిన నవ్వు అది. సాగర్‌దీ స్వీటీదీ ఒకటే మతం, ఒకటే ప్రార్థన. తనది బర్రెల కొట్టం, పేడ వాసన. నందిని చకచకా కంప్యూటర్ సెట్టింగుల్లోకి పోయి ఆ కోడెక్‌నే పీకేసింది. తెర నల్లగా అయిపోయింది. పాట మాత్రం వినబడుతోంది. "ఇప్పుడు నవ్వు," అంది.

కాసేపటికి కొట్టంలోంచి కేక. "నందినీ! పాలల్ల ఎవలో పిల్ల!"

"కోడెక్ దొరుకుతలేదే అమ్మా. ఈ ఒక్కపూట పోనియ్," అని అబద్ధమాడింది.

"సరే తియ్. పిల్ల ముద్దుగనే ఉన్నది," అని సత్తెమ్మ క్యాన్లు నింపి రోజూ పోసే ఇండ్లకు పంపించింది.

మర్నాడు పొద్దున సాగర్ వచ్చాడు గానీ స్టూలు మీద కూచోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు.

"నిన్న మా అమ్మ పాలు కాగబెడుతుంటే స్వీటీ కనబడ్డది. పాలు పొంగుతుంటే ఆ నవ్వు గిన్నె అంచు దాక వచ్చిందట. ఎన్ని సంబంధాలు తెచ్చినా మూతి తిప్పే మా అమ్మ, ఎవలీ పిల్లని నన్ను అడిగింది. చెప్పిన. పాస్టర్ గారితోని స్వీటీ వాళ్లింటికి ఫోన్ గూడ చేయించింది. ఆదివారం వాళ్లు వస్తున్నరు."

నందిని పెన్ డ్రైవ్ పట్టుకొని గుమ్మం దాకా వచ్చింది.

"నందినీ, ఒక్కటి చెప్త," అతను తల వంచుకున్నాడు. "మా ఇంట్ల సిస్టంల అన్ని ఫైళ్లు నడుస్తయి. ఇన్ని రోజులు ఊకెనే తెచ్చిన. నువ్వు ఒక్క మాట అంటే, మా అమ్మతోని ఎంత లొల్లైనా పెట్టుకుంట."

ఆ ఒక్క మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే సత్తెమ్మ పొద్దుటి పాల బకెట్ తెచ్చి అరుగు మీద పెట్టింది. పాలలో స్వీటీ. సాగర్ చూపు అటు పోయింది. ఊరికే పోయిందో, నిలిచిందో. నందినికి మాత్రం నిలిచినట్టే కనబడింది.

"నన్నెందుకు అడుగుతవ్? మీ అమ్మకు మంచి కోడలే దొరికింది. పో."

అతను పెన్ డ్రైవ్ తీసుకోకుండానే వెళ్లిపోయాడు.

నందిని కుర్చీలో కూచుని కోడెక్ మళ్లీ ఎక్కించింది. ఈసారి వెతకలేదు, ఆలస్యం చేయలేదు.

ఆదివారం సాగర్ వాళ్లమ్మ రాహేలమ్మ కబురు పంపింది, చుట్టాలొస్తున్నారు, ఇంకో చెంబెడు పాలు ఎక్కువ కావాలని. నందినే కొలిచి పోసింది. క్యాన్ మూత పెట్టేముందు వంగి తొంగి చూసింది, అతని ముఖం ఒక్కసారన్నా తేలుతుందేమోనని.

పాలు తెల్లగా ఉన్నాయి.