మిద్దె మీద బస్తాలు

పాత ఇళ్లను నిలబెట్టాలని నగరపాలకులు తార్నాకలో మా వీధికి ఒక పథకం తెచ్చారు. కప్పు బరువు మోస్తే మరమ్మతుకు సాయం, మోయకపోతే కూల్చివేత. ఇరుగుపొరుగువారు కూల్చివేతే కోరుకున్నారు, ఫ్లాట్లొస్తాయని. నాకు ఫ్లాటు అక్కర్లేదు. నా భార్య రమాదేవి తల ఆనించి కూర్చునే చోట హాలు గోడకు నూనె మరక ఉంది. ఆమె పోయాక వెల్ల వేయించలేదు.

పరీక్షకు ఇంజనీరు సామేలు వచ్చాడు. భారీ మనిషి. దూలం నుంచి దారం వేలాడదీసి, చివర ఇనుప గుండు కట్టి, గుండుకూ నేలకూ మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు వదిలాడు. మిద్దె మీద ఇసుక బస్తాలు పేర్చి సాయంత్రం దాకా ఉంచాలి. అప్పటికీ బిళ్ల దూరితే కప్పు గట్టిదే. దూలం వంగి గుండు కిందికి దిగితే ఇల్లు పోయినట్టే.

తెలంగాణ కోసం చేస్తున్న రాస్తారోకో వల్ల ఇసుక లారీ రాలేదు.

"ఇయ్యాల్నే ఆఖరు, శేషాద్రి సారు. బరువు పెట్టకుంటే కూల్చుడే అని రాయాలె."

"లారీని నేను ఆపినానా?"

"నేను ఆపిన్నా?"

అంతలో యూనివర్సిటీ గేటు వైపు అరుపులు. రోడ్డు మీద వంటావార్పూ చేస్తున్న విద్యార్థుల్ని పోలీసులు తరిమారు. తెరిచి ఉన్న మా గేటులోంచి జొరబడి, బయటి మెట్లెక్కి మిద్దె నిండా చేరారు. అందరికన్నా ముందు, హాస్టల్లో వంట చేసే ఉప్పలమ్మ, చేతిలో ఖాళీ గిన్నె.

నేను కర్ర తీశాను. మాది కర్నూలు అవతల. ఈ ఉద్యమానికి మంచినీళ్లు కూడా పోయలేదు. పైన డప్పు మొదలైంది. సామేలు నా చెయ్యి పట్టుకుని కప్పు వైపు చూపించాడు.

"సారు, ఇసుక వచ్చింది."

కర్ర కింద పెట్టి పైకి పోయాను.

"పోలీసోళ్లు పోంగనే దిగుతం, తిట్టకు," అంది ఉప్పలమ్మ.

"యాడికీ పోవద్దు. సాయంత్రం దాకా ఉండండి."

"ఏంది సంగతి? గేటు ముంగట నిలబడితెనే గల్లీ అంత వినబడేటట్టు తిడ్తవాయె."

చెప్పాను. గుండు, బిళ్ల, అన్నీ. మరక తప్ప.

ఆమె పడీపడీ నవ్వింది. "అంటే మేం బస్తాలమన్నట్టు."

"నేను అర బస్తానే అక్కా," అన్నాడొక బక్కవాడు. డప్పువాడు నవ్వలేక కూలబడ్డాడు.

"ఉంటం. గని ఉరుకులాటల మా అన్నం నేలపాలయింది, తినవెట్టాలె. జై తెలంగాణ అనాలె," అంది ఉప్పలమ్మ.

"తిండి పెడతాను. నమ్మని మాట అనను."

"మొండోడివి. వండుపో."

మూలంగడివాడు సగం షట్టరెత్తి బొరుగుల మూట ఇచ్చాడు. రమాదేవి పోయాక ఆ పొయ్యి మీద టీ తప్ప ఏదీ పెట్టలేదు. బొరుగులు నానేసి ఉప్పలమ్మ గిన్నె నిండా ఉగ్గాని కలిపాను, మిరపకాయ బజ్జీలు వేశాను. పైన ఆటకు సున్నం పెళ్లలు సామేలు బట్టతల మీద రాలుతున్నాయి. అతను నేల మీద బోర్లా పడుకుని గుండునే చూస్తున్నాడు.

"జోరు తగ్గింది సారు. ఎగరమను."

మెట్ల మీద నిలబడి అరిచాను, ఎగరమని.

"సారే ఎగరమంటున్నడు రా," అని పైన కేకలు.

బజ్జీల వాసనకు సామేలు ఆగలేకపోయాడు. పైకెక్కాడు.

"కింద చూసేదెవరు?"

"నన్నే మోసినంక ఇంకెవల్ని మోయది సారు?" అని బజ్జీ నోట్లో ఉండగానే చిందేశాడు.

పొద్దుగుంకింది. విద్యార్థుల్ని పైనే ఉంచి ముగ్గురం కిందికి దిగాం. సామేలు చేతులకు నూనె. బిళ్ల ఉప్పలమ్మ నెట్టింది. గుండు కింద నుంచి జారిపోయి గోడకు తగిలి ఆగింది.

"ఏమైంది అక్కా?" పైనుంచి అడిగారు.

"బస్తాలు పాసైనయ్."

మిద్దె మళ్లీ దడదడలాడింది. ఉప్పలమ్మ గోడ వైపు చూసింది.

"ఈ మరకేంది సారు? పోరగాళ్లతోని సున్నమేయిస్త."

"ఆ గోడ ముట్టుకోవద్దు."

కూర్చున్న మనిషి తల ఎత్తులో ఉంది మరక. ఆమె కాసేపు చూసింది.

"సరే, తక్కినయ్ ఏస్తం. గని ఉగ్గానిల ఉప్పు తక్కువైంది."

"సరిపోయింది," అన్నాను.