బువ్వ కుట్టు

దేవదానం దబ్బనాన్ని గోనెసంచి మూతిలోకి దింపి, అవతలి వైపు నుంచి లాగి, సుతిలి బిగించి ఆగాడు. ఊపిరి తీసుకున్నాడు. అది మూడో కుట్టు. ఎదురుగా సంచి మూతిని రెండు చేతులతో దగ్గరికి పట్టుకున్న లింగన్న ఓపిగ్గా చూస్తున్నాడు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో పసుపు రాశుల మధ్య పొద్దుటి నుంచీ ఇద్దరిదీ ఇదే పని.

"ఇగ బువ్వ కుట్టు కానియ్యన్నా," అన్నాడు లింగన్న.

సంచికి ఏడు కుట్లు. కుట్టుకో మాట చొప్పున దేవదానం పరలోక ప్రార్థనను పెదవుల మీదే చెప్పుకుంటాడు. చివర ముడి వేసేటప్పుడు "ఆమెన్" మాత్రం పైకి వినిపిస్తుంది. నాలుగోది ఈ రోజుకు తిండి పెట్టమని అడిగే మాట. లింగన్న ఇంట్లో కొలిచేది ఎల్లమ్మను. అయినా ఏళ్ళ తరబడి ఎదురుగా నిలబడి, ఏ కుట్టుకు ఏ మాటో అడిగి తెలుసుకొని, నాలుగోదానికి ఆ పేరు తనే పెట్టాడు. "తక్కినయన్నీ నీ దేవునియి. గిదొక్కటి నాది గూడ," అంటాడు.

దేవదానం అరవై దాటిన మనిషి. ఒకప్పటి వెడల్పాటి ఛాతీ ఇప్పుడు లోపలికి దిగింది. ఎడమ మోకాలు గుండ్రంగా వాచి ఉంటుంది, కుడిచేతి చిటికెన వేలు విరిగి అతికి పక్కకు తిరిగింది. అరచేతుల్లో పసుపు గీతగీతకూ ఇంకిపోయింది. ఆదివారం గుడిలో రొట్టె కోసం ఆ చేతులు చాపితే, ఇవేం పెండ్లికొడుకు చేతులయ్యా అని పాస్టరు గారు నవ్వుతారు.

ఆ చేతులే ఒకప్పుడు నెలజీతం మీద కబడ్డీ ఆడాయి. చక్కెర మిల్లు వాళ్ళు కాగితం మీద అతనికిచ్చిన ఉద్యోగం తూకం పని. అసలు పని మాత్రం కూతకు వెళ్ళడం. చిన్నప్పుడు తల్లి నేర్పిన ప్రార్థనతోనే అతను దమ్ము కొలుచుకునేవాడు. ఒక్క ఊపిరిలో రెండుసార్లు చెప్పగలిగిన రోజున ఇక తనను ఆపేవాడు లేడనుకున్నాడు. అయితే గెలిపించమని ఎన్నడూ అడగలేదు. ఏడుగురు మీద పడ్డాక ఎముకలన్నీ ఉన్నచోటనే ఉండి లేచి నిలబడితే అదే పెద్ద దయ అనుకొని ఆకాశం వైపు దండం పెట్టేవాడు. ఎదుటి జట్టు నుంచి కూతకొచ్చినవాడి గోరు తగిలినా రెఫరీ కంటే ముందు తనే చెయ్యెత్తి బయటికి నడిచేవాడు. మేనేజరు తిట్టని తిట్టు లేదు. అయినా జట్టులోంచి తీసేయలేదు. ఎందుకంటే దేవదానం చెయ్యెత్తలేదంటే తగల్లేదన్నమాటే అని ఎదుటి జట్టు కూడా నోరు మూసుకునేది.

మిల్లు మూతపడ్డాక తోటి ఆటగాళ్ళలో కొందరు పక్కనున్న మోర్తాడ్ ఊరి వాళ్ళతో కలిసి దుబాయి పోయారు, కొందరు కల్లు దుకాణం దాటి బయటికి రాలేదు. అతను యార్డుకొచ్చి హమాలీ అయ్యాడు. సంచి బరువే గానీ కాళ్ళు పట్టుకొని కిందికి లాగదు కదా అని నవ్వేవాడు. ఇన్నేళ్ళ పసుపు దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరాక మోయడం మానేసి దబ్బనం పట్టాడు. దుమ్ములో ఉండొద్దని దవాఖానలో చెప్పారు. సీజను అయిపోనీ అన్నాడు, కిందటేడూ అదే అన్నాడు.

ఒక్క సంగతికి మాత్రం ఆ దుమ్ముకు కూడా అతను రుణపడే ఉన్నాడు. దమ్ము బాగున్న రోజుల్లో ప్రార్థన మీద పరుగెత్తుకుంటూ పోయాడే తప్ప ఏ మాటా చెవిన పడలేదు. ఇప్పుడు ఏడుచోట్ల ఆగక తప్పదు. ఆగినచోటల్లా ఆ మాట ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. తండ్రి అనే మాట దగ్గర ఒక ఊపిరి, తిండి దగ్గర ఒక ఊపిరి. ఇంత వయసొచ్చాక ప్రార్థన చేయడం వచ్చిందని అతనికి లోలోపల పెద్ద సంతోషం.

ఇవాళ మాత్రం కుట్టుకూ కుట్టుకూ మధ్య అతని కళ్ళు గేటు వైపు పోతున్నాయి. తమ్ముడి కూతురు ఎస్తేరు మధ్యాహ్నం హైదరాబాదు బస్సెక్కాలి. పేరున్న మహిళా కబడ్డీ జట్టులో జీతం మీద ఆడుతుంది. రేపటి నుంచి క్యాంపు. పోయిన సీజను సెమీఫైనల్లో ఆఖరి కూతకు వెళ్ళి, నడుమన దమ్ము తెగి, ఆమె పట్టుబడింది. జట్టు ఓడింది. అప్పటి నుంచి ఆట మాటెత్తితే లేచి వెళ్ళిపోతోంది. క్యాంపుకు పోకపోతే జట్టులో పేరుండదు. ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు ఆమెకు ప్రార్థనతో దమ్ము పట్టడం నేర్పింది దేవదానమే.

ఎస్తేరు వచ్చింది. భుజాన కిట్టు బ్యాగు, ముఖం ముడుచుకొని ఉంది.

"పెద్దబాపు, అమ్మ లొల్లికి బ్యాగు పట్టుకొని ఎల్లిన. పోవుడైతే లేదు."

లింగన్న ఇద్దరినీ మార్చిమార్చి చూశాడు. "జర గీ సంచి పట్టు బిడ్డా, చాయ్ తెస్త," అని సందు ఇచ్చి తప్పుకున్నాడు.

ఎస్తేరు సంచి మూతి పట్టుకుంది. దేవదానం మొదటి కుట్టు వేసి ఆగాడు.

"ప్రార్థన జేసే పోయిన పెద్దబాపు కూతకు," అంది ఆమె తల దించుకొని. "గా నడుమల్నే దమ్ము తెగింది. నన్ను పట్టిన పిల్ల మెడల గూడ సిలువనే ఉండె. దేవుడు దాని మాట ఇని నన్ను ఆపిండు. ఇగ ఏం మొకం పెట్టుకొని పోవాలె?"

దేవదానం రెండో కుట్టు వేసి ఆగాడు. ఛాతీలో ఈల వేసినట్టు చప్పుడైంది. మూడోది వేశాడు, ఆగాడు. నాలుగో కుట్టు దగ్గర సంచి అంచును పట్టుకొని చాలాసేపు ఉండిపోయాడు. ఎస్తేరు భయంగా చూసింది. ఈ మనిషి ఒక్క ఊపిరిలో రెండుసార్లు చెప్పడం ఆమె చెవులారా విన్నదే.

"నీళ్ళు తేవాల్నా?"

"వద్దు బిడ్డా. గిప్పుడు మాటమాటకు తెగుతది నాకు. తెగితే ఏమున్నది? మళ్ల పీల్చుకుంట. పీల్చే గాలి గూడ ఆయన్దే గద."

"మ్యాచ్ల పీల్చుకుంటే ఔటే."

"ఔటే. గీత బయట కూసుంటవు. మనోళ్లు ఒక్క పాయింట్ తెస్తే మళ్ల లోపటికొస్తవు." అతని కళ్ళు నవ్వాయి. "మనూర్ల ఏమంటరు? సచ్చినోడు బతికిండంటరు. గింత దయ ఏ ఆటల ఉన్నది చెప్పు? గా పిల్లకు గూడ దండమే పెట్టు. నిన్ను ఎముక ఇరగకుండ పట్టింది."

ఎస్తేరుకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. అతను అయిదు, ఆరు, ఏడు కుట్లు వేసి "ఆమెన్" అని ముడి బిగించేదాకా ఆమె మూతి వదల్లేదు. తర్వాత, "నేనెన్నడు గీ ప్రార్థన మాటలు ఇననే లేదు పెద్దబాపు, ఉరుకుడే ఉరికిన," అంది నెమ్మదిగా.

"నేను ఇనేవరకు ముసలోన్నైన. నువ్వు జల్ది ఇన్నవు."

లింగన్న తెచ్చిన చాయ్‌లో ఆమె సగం తాగి, సగం పెద్దబాపుకు ఇచ్చింది. వంగి అతని మోకాలి మీద చెయ్యి పెట్టింది. అతను పసుపు చేతిని ఆమె తల మీద ఉంచి, మనసులోనే దీవించాడు. ఆమె బ్యాగు అందుకోబోతే లింగన్న తనే ఎత్తుకొని, "నడువు, బస్టాండు దాక నేనొస్త. నడుమల మళ్ల మనసు మార్చుకుంటవేమో," అన్నాడు.

వాళ్ళు వెళ్ళాక దేవదానం ఇంకో సంచిని గోడకు ఆనించి, ఎడమచేత్తో మూతి దగ్గరికి తెచ్చి, ఒక్కడే మొదలుపెట్టాడు. ఎండ వాలింది. వేల్పూర్ నుంచి వచ్చిన ఎవరి బండిలోంచో పసుపు దిమ్మరిస్తున్నారు. గాలంతా పచ్చని దుమ్ము. మిల్లు గుర్తొచ్చింది. తల్లి, గెలిచినప్పుడు ఎగరేసి పట్టుకున్న మనుషులు, కింద పడేసిన మనుషులు, అందరూ గుర్తొచ్చారు. ఎవరి మీదా అతనికి కోపం దొరకలేదు. ఎంత ఇచ్చావయ్యా నాకు అనుకున్నాడు.

మూడో కుట్టు బిగిస్తుండగా గేటు దగ్గర నుంచి లింగన్న కేక వేశాడు.

"ఎక్కిందన్నా! బస్సెక్కింది! కిటికీలకెళ్లి చెయ్యూపింది!"

దేవదానం కుడిచెయ్యి ఎత్తాడు, వెనకటికి ఆటలోంచి బయటికి నడిచేటప్పుడు ఎత్తినట్టే. దించి, దబ్బనం అందుకొని, నాలుగో కుట్టుకు గుచ్చాడు. లింగన్న దారిలో ఎవరితోనో రెండు మాటలు మాట్లాడి వచ్చేసరికి అతను సంచికి తల ఆనించి ఉన్నాడు. ఊపిరి కోసం ఆగాడేమోనని లింగన్న ఎప్పటిలాగే ఎదురుగా నిలబడ్డాడు, మూతి పట్టుకున్నాడు, ఎదురుచూశాడు. చాలాసేపు చూశాడు.

"అన్నా," అన్నాడు చివరికి. "అన్నా, లేవే."

జనం చేరారు, ఎవరో ఆటో తెచ్చారు. లారీకి ఎక్కించాలి, ఆ సంచి కూడా కుట్టేయమని గుమస్తా అంటే, లింగన్న దాని మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. పొద్దుగూకి యార్డు ఖాళీ అయ్యాక కూడా అది గోడకు ఆనుకొని అక్కడే ఉంది. మూడు కుట్లు పడ్డ మూతికి, బువ్వ కుట్టు దగ్గర, దబ్బనం సగం దిగి ఉంది, పసుపు పట్టిన సుతిలి కొస దాని బెజ్జంలోంచి వేలాడుతోంది.