చెంపదెబ్బ దగ్గర గీతలు

నేను ఒక వీడియో క్యాసెట్‌ని. ఒళ్లంతా నల్ల ప్లాస్టిక్, కడుపులో ఒక పాత హిందీ ప్రేమకథ. ఇన్నేళ్లూ నన్ను నేను పెళ్లిళ్ల పేరయ్యననుకుంటూ బతికాను. నా తెలివి అంత!

నన్ను కాజీపేట రైల్వే కాలనీకి తెచ్చింది టికెట్ కలెక్టర్ సుదర్శన్. అప్పటికి అతనికి కొత్తగా పెళ్లయింది. నా హీరో హీరోయిన్ వెంట ఊళ్లన్నీ తిరుగుతాడు. ఆమె వద్దన్నకొద్దీ పాట అందుకుంటాడు. పెళ్లికి ముందు సినిమా హాల్లో ఆ బొమ్మ చూసిన సుదర్శన్ కూడా అదే పద్ధతిలో హనుమకొండ బస్సులో ఏడాదిపాటు అండాళు వెంటపడి, చివరికి పెద్దల్ని పంపి పెళ్లి చేసుకున్నాడట. ఇంటికొచ్చిన చుట్టాలకల్లా నన్ను వేసి చూపించి, "మా కథ గూడ గిదే" అనేవాడు. లోపల గిర్రున తిరుగుతూ నేనూ మురిసిపోయేదాన్ని.

అతను డ్యూటీకి వెళ్లాక అండాళు ఒక్కతే నన్ను పెట్టుకునేది. హీరోయిన్ హీరో చెంప ఛెళ్లుమనిపించే చోటు చూసి, వెనక్కి తిప్పి మళ్లీ చూసేది. ఆ తర్వాత వచ్చే పాట దాకా ఎప్పుడూ పోనిచ్చేది కాదు. దెబ్బతిన్న నా హీరో మీద జాలి కాబోలు అనుకున్నాను. అక్కడ నా రీలు అరిగిపోతున్నా పొంగిపోయాను.

మొన్న ఆదివారం వాళ్ల కూతురు దీప్తి, అటక మీది వీసీఆర్ బాగుచేయించి నన్ను పెట్టింది. ముగ్గురూ కూర్చున్నారు. హీరో హీరోయిన్ కోసం రైల్లో ఆడవాళ్ల పెట్టెలోకి ఎక్కాడో లేదో, దీప్తి మొదలుపెట్టింది.

"నాన్నా, టికెట్ లేకుండ లేడీస్ డబ్బా ఎక్కిండు. నువ్వైతే ఫైన్ ఎయ్యవా?"

"సినిమా కదనే!" అన్నాడు సుదర్శన్.

"ఆమె వద్దంటుంది గదా, ఇంకెన్నిసార్లు చెప్పాలె?"

నాకు ఒళ్లు మండింది. అంతలో చెంపదెబ్బ వచ్చింది. తెరనిండా గీతలు.

"గీన్నే ఎందుకిట్ల అరిగింది? నేనైతే ఈ సీన్ ఎన్నడు తిప్పి సూడలే," అన్నాడు సుదర్శన్.

"నేను సూసిన," అంది అండాళు. "బస్సుల నువ్వు ఎంటవడ్డప్పుడు నాకు గట్లనే కొట్టాలనిపిస్తుండె. భయానికి చెయ్యి లేవలే."

సుదర్శన్ ఆమె వైపు తిరిగాడు. పెళ్లిళ్ల పేరయ్యకు ఆ మాటే చెంపదెబ్బ.

"గిన్నేండ్లల ఒక్కసారన్న చెప్పకపోతివి," అన్నాడు.

"నువ్వు ఎన్నడన్న అడిగినవా?"

ఈలోగా పాట మొదలైంది. సుదర్శన్‌కు ప్రాణమైన పాట. అతను లేచి వచ్చి దాన్ని ఆపాడు. వెనక్కి తిప్పి, చెంపదెబ్బ మళ్లీ పెట్టి, తల దించకుండా చూశాడు. అండాళు తెరవైపు చూడలేదు, అతన్నే చూసింది.

నా గొప్పంతా ఆ పాటే అనుకున్నాను ఇన్నాళ్లూ. ఈ ఇంట్లో నేను ఎవరికైనా పనికొచ్చానంటే, అరిగిపోయిన ఆ జానెడు రీలుతోనే.