రేడియో అత్త

"చుక్క పడిపోయింది, ఇంక దాని వంక చూడకు," అంటూ రేడియో అత్త పరీక్ష పట్టీ మీద స్టీలు గిన్నె బోర్లించి, ఆగకుండానే బార్బరు కోడిపుంజు సంగతి ఎత్తుకుంది. ఎదురుగా కుర్చీలో ఉన్న కుర్రాడు వేలికి దూది నొక్కి పట్టుకున్నాడు. గడ్డం ఇంకా సరిగా మొలవలేదు. మోకాలు ఒకటే ఊగుతోంది. గిన్నె కింద ఒక గీత వస్తుందో, రెండు గీతలు వస్తాయో తేలడానికి పావుగంట పడుతుంది. ఆ పావుగంట కుర్రవాళ్ళ ప్రాణాలు ఎలా తోడేస్తుందో అత్తకు బాగా తెలుసు. అందుకే కోడిపుంజు.

"అద్దంలో తన మొహమే చూసుకుని ఇంకో పుంజు వచ్చిందనుకుంది. ఇంక పొడవడం చూడు! గొరిగించుకుంటున్న పెద్దాయన లేచి ఒకటే పరుగు. సగం తల నున్నగా, సగం తల గడ్డివాములా. పాపం, నిన్నటినుంచీ టోపీ తియ్యడంలేదు."

కుర్రాడు ఫక్కున నవ్వాడు. మోకాలు ఊగడం ఆగింది.

అత్త మనిషి పొట్టి, ఒళ్ళు భారీ. నడుస్తుంటే రెండు పక్కలకూ ఊగుతుంది. ముందు పన్ను ఒకటి సగానికి విరిగింది. ఆ సందులోంచి మాట చిన్న ఈల కలుపుకుని బయటికొస్తుంది, అందుకే శరణార్థుల శిబిరంలో ఏ మూలనుంచైనా ఆవిడ గొంతు గుర్తుపట్టవచ్చు. చేతులు మాత్రం ఇంకెవరివో అనిపిస్తాయి. సన్నటి వేళ్ళు, పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. సూది దింపితే దిగినట్టే తెలియదు. ఊళ్ళో ఉన్నప్పుడు గుండీలూ దారాలూ అమ్ముకునేది. యుద్ధం వచ్చి ఊరు ఖాళీ అయినప్పుడు చెల్లెల్నీ, చెల్లెలి ఇద్దరు పిల్లల్నీ వెంటబెట్టుకుని సరిహద్దు దాటింది. కొట్టు పోయింది, నోరు మిగిలింది అని తనమీద తనే జోకు వేసుకుంటుంది.

హెచ్.ఐ.వి. పరీక్ష చేయడం నేర్పించి ఆరోగ్యకేంద్రం చివరి గది తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టిన రోజున శిబిరమంతా ముక్కున వేలేసుకుంది. నోట్లో నువ్వుగింజ నానని మనిషికా ఈ పని! ఎవరి రక్తంలో ఏముందో సాయంత్రానికల్లా నీళ్ళ లైనులో వినపడదూ! నర్సు ఒక్కతే ధైర్యం చేసింది. అత్త దగ్గర కబుర్లకు ఎలాగూ అందరూ ఆగుతారు, ఎవరు ఎందుకు ఆగారో ఎవరూ పట్టించుకోరు అని ఆమె లెక్క. లెక్క సగమే నిజమైంది. పెద్దవాళ్ళు వచ్చారు. కుర్రకారు మాత్రం భయపడుతూనే ఉంది. ఇవాళ వచ్చిన ఈ గడ్డం మొలవని వాడిలా రోజుకు ఒకరో ఇద్దరో, అదీ చుట్టూ చూసి చూసి లోపలికి దూరేవాళ్ళు.

అత్త మాత్రం ఆ గది మాట గడప దాటనివ్వలేదు. పెళ్ళిళ్ళు, తగాదాలు, తాడు తెంపుకుపోయిన మేకలు, అన్నిటికీ ఆవిడే దండోరా. గదిలో సంగతి దగ్గరకొచ్చేసరికి మాత్రం కటిక మూగ. కిందటేడు ఒక పిల్లకు రెండు గీతలు వచ్చాయి. అత్త ఆ పిల్లను పట్టుకుని తనూ ఏడ్చి, నర్సు దగ్గరకు తీసుకెళ్ళి మళ్ళీ పరీక్ష చేయించి, మాత్రలు మొదలుపెట్టించింది. ఇప్పుడా పిల్ల కుట్టుకేంద్రంలో మెషిను తొక్కుతూ నిక్షేపంగా ఉంది. కాస్త ఒళ్ళు చేసిందేమిటని ఆడవాళ్ళు ఆరా తీస్తే, "కూర్చుని తొక్కే పని, ఒళ్ళు రాదా మరి!" అని అత్త అడ్డుపడింది. ఆ పిల్లను చూసినప్పుడల్లా ఆవిడకు లోపల ఎంత గర్వమో! కానీ అది ఎవరికీ చెప్పుకునే గర్వం కాదు. చెప్పుకోకపోతే పూట గడవని మనిషికి అది చిన్న శిక్షేమీ కాదు.

గిన్నె ఎత్తింది. "ఒకటే గీత. బతికిపోయావు, కానీ బతికే ఉండాలంటే ఇవి జేబులో పెట్టుకో," అని కండోముల పొట్లం చేతిలో పెట్టింది. కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు సిగ్గుపడు, ఫరవాలేదు, అవేం సిగ్గుపడవు. మూడు నెలలకు మళ్ళీ రా. పుంజు సంగతి ఇంకా ఉంది."

కాస్త పొద్దెక్కాక డబ్బా పట్టుకుని నీళ్ళకు వెళ్ళింది. లైను వంపు తిరిగి కుట్టుకేంద్రం దాకా ఉంది. చెల్లెలు ఆవిడ కోసమే కాచుకుని ఉన్నట్టు లైను వదిలి ఎదురొచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఆమె కొడుకు ఆ సాయంత్రమే బస్సెక్కుతున్నాడు. దూరంగా ఉన్న పట్నంలో వడ్రంగం నేర్చుకోవడానికి అనుమతి దొరికింది.

"అక్కా, మావాడు నీ గదికి వచ్చాడట కదా. ఎవరో చూశారు."

"నా గదికి ఎవరు రారే? మొన్న మేక కూడా వచ్చింది."

"ఆటలొద్దు. పరీక్షకు వచ్చాడా? ఏం తేలింది?"

"అదొక్కటీ అడక్కు."

"నేను వాడి తల్లినే!"

"నాకు తెలీదా? పురుడు పోసింది నేనే."

"అయితే చెప్పు. వాడికేమైనా ఉంటే ఎలా పంపనక్కా? అక్కడ ఎవరు చూస్తారు వాడిని?"

వాడు వారం కిందటే వచ్చాడు. వాడికి ఒకటే గీత వచ్చింది. 'ఏమీ లేదే పిచ్చిదానా' అనే ఒక్క మాట చాలు, చెల్లెలి కళ్ళు తడారిపోతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఆ గది సంగతులు తప్ప, అత్త బతుకులో మంచి కబురు ఒక్కటైనా కడుపులో దాచుకున్న పాపాన పోలేదు. కానీ లైనులో నాలుగడుగుల దూరంలో ఆ కుట్టుమెషిను పిల్ల, డబ్బా కాళ్ళ మధ్య పెట్టుకుని నేలకేసి చూస్తూ నిలబడి ఉంది. ఇవాళ ఈ తల్లికి 'లేదు' అని చెబితే, రేపు ఆ పిల్ల తల్లి వచ్చి అడిగినప్పుడు ఏం చెయ్యాలి? నోరు మూసుకుంటే అదే జవాబైపోతుంది. మంచి కబురైనా, చెడ్డ కబురైనా, దాస్తే రెండూ దాచాలి.

"ఎవరొచ్చారో చెప్పను, ఎవరికేం తేలిందో చెప్పను. నీకైనా అంతే," అంది.

చెల్లెలు భగ్గుమంది. "బార్బరు కోడి సంగతి ఊరంతా చాటావు! నా కడుపున పుట్టినవాడి సంగతి నాకు చెప్పడానికి నోరు రాదా? ఇవాళ్టినుంచి నాకు అక్కే లేదు. నీ మొహం చూడను!"

లైనంతా నోరు తెరుచుకుని విన్నది. అత్త ఖాళీ డబ్బాతోనే వెనక్కి తిరిగింది. గదిలోకి వెళ్ళి తలుపేసుకుని, చేతులు కడుక్కోబోయి, నీళ్ళు లేవని గుర్తొచ్చి, ఏడ్చింది. ఉన్నది ఒక్కగానొక్క చెల్లెలు. సరిహద్దు దాటి వచ్చే దారిలో ఒకే దుప్పటి కప్పుకుని పడుకున్న చెల్లెలు.

మధ్యాహ్నం తలుపు చప్పుడైంది. ఒకడు తల లోపలికి పెట్టి, "పుంజు ఏమైందత్తా?" అన్నాడు. వాడి వెనక ఇంకొకడు. ఆ వెనక ముగ్గురు ఆడపిల్లలు ఒకళ్ళనొకళ్ళు తోసుకుంటున్నారు. సొంత చెల్లెలు కాళ్ళావేళ్ళా పడినా చెప్పలేదట, మనకేం భయం అన్న మాట కుట్టుకేంద్రం నుంచి బంతాటల మైదానం దాకా పాకిపోయింది. కాసేపటికి బయటి బల్ల నిండిపోయింది. పట్టీలు అయిపోతే నర్సు ఇంకో పెట్టె తెచ్చిచ్చింది.

"వీళ్ళకేం చెప్పావమ్మా ఇవాళ?" అని ఆమె ఆశ్చర్యపోయింది.

"ఏమీ చెప్పలేదు తల్లీ," అంది అత్త. అంతకంటే నిజం లేదు.

వాళ్ళందరి మధ్యలోంచి చెల్లెలి కూతురు కూడా వచ్చింది. మొన్ననే పద్దెనిమిది నిండాయి. తలుపు మూసి, కుర్చీ అంచున కూర్చుని, "పెద్దమ్మా, అమ్మకు..." అంటూ ఆగిపోయింది.

"ఏ అమ్మకు? నువ్వెవరివో నాకు తెలీదు. చెయ్యి ఇటివ్వు."

వేలు తుడిచింది, సూది దింపింది, గిన్నె బోర్లించింది. పుంజు సంగతి మొదటినుంచీ చెప్పింది. గిన్నె ఎత్తాక ఏం కనిపించిందో ఈ కథ చెబుతున్నవాళ్ళకు కూడా తెలియదు. అత్త చెప్పలేదు.

ఎండ తగ్గాక బస్సు వచ్చింది. అత్త జనానికి ఎడంగా గోడ పక్కన నిలబడింది. చెల్లెలి కొడుకే వెతుక్కుంటూ వచ్చాడు. కొత్త చొక్కా, భుజాన పనిముట్ల సంచి, తండ్రిలాగే పెద్ద పెద్ద చేతులు.

"పొద్దున అమ్మతో గొడవైందట కదా పెద్దమ్మా."

"ఏం గొడవ? అక్కడ వేళకు తిను. ఉలి దగ్గర పరధ్యానం పనికిరాదు."

వాడు ఆవిడను గట్టిగా కావలించుకుని తల్లి దగ్గరకు వెళ్ళాడు. వంగి ఆమె చెవిలో ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఎక్కడ గుసగుస వినపడినా చెవులు రిక్కించే అత్త, ఇప్పుడు మొహం అటు తిప్పేసుకుని గోడ పెచ్చులు లెక్కపెట్టింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి బస్సు మలుపు తిరిగింది. దుమ్ము మిగిలింది.

గది ఊడుస్తుంటే చెల్లెలు గుమ్మంలోకి వచ్చింది. వచ్చి కుర్చీలో కూలబడింది.

"వాడే చెప్పాడు," అంది. "నువ్వెందుకు చెప్పలేదో కూడా చెప్పాడు."

అత్త చీపురు ఆపలేదు.

"నీ మొహం చూడనన్నాను కదూ. కోపమొచ్చిందా?"

"రాదా మరి? లైనులో నా వంతు పోయింది."

చెల్లెలు నవ్వబోయి వెక్కింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "రేపు చిన్నదాన్ని కూడా పంపిస్తానక్కా. దానికి సిగ్గెక్కువ, తనంతట తను రాదు," అంది.

సరిగ్గా అప్పుడే అత్తకు కుర్చీ కాలు పక్కన జడపిన్ను కనిపించింది. చెల్లెలు తన చేత్తో ఎర్రదారం చుట్టి కూతురికిచ్చిన పిన్ను. ఒక్కడుగు ముందుకేసి దానిమీద కాలు పెట్టింది.

"పంపకు. రావాలనుకుంటే అదే వస్తుంది," అంది.

"రాకపోతే?"

"రాకపోతే లేదు." మొహంలో రవ్వంతైనా తేడా లేదు. "నువ్వు నడుస్తూ ఉండు, తాళం వేసి వస్తాను."

చెల్లెలి అడుగులు దూరమయ్యేదాకా కదలలేదు. అప్పుడు కాలు తీసి, పిన్ను చేతిలోకి తీసుకుంది. ఆ సాయంత్రం రేడియో అత్త అంత గర్వంగా ఉన్న మనిషి శిబిరం మొత్తమ్మీద ఇంకొకరు లేరు. ఆ మాట ఎవరికైనా చెప్పాలని ప్రాణం కొట్టుకుపోతుంటే ఒక్కతే నవ్వుకుంటూ తాళం వేసి, చెల్లెల్ని అందుకోవడానికి గబగబా నడిచింది. కిటికీ బయటి గట్టు మీద, పొద్దున్నే నీళ్ళకు వెళ్ళే చెల్లెలి కూతురు ఎవర్నీ అడగకుండా చెయ్యి చాపి తీసుకోగలిగిన చోట, ఎర్రదారం చుట్టిన జడపిన్ను ఉంది.