తిన్నాక కాదనలేని కారు

మా ఆయనకి ఎవరింట్లోనైనా కడుపునిండా అన్నం పెడితే చాలు, ఆ ఇంటి గోడ అమ్ముతామన్నా కొనేసి వస్తారు. పేరు ఆంజనేయప్రసాద్. అంబాజీపేట చుట్టుపక్కల ఎవరిని అడిగినా ప్రసాద్ గారు ఎంత మర్యాదస్తులో చెబుతారు. ఆ మర్యాదతో కాపురం చేసేది నేను కదా, వాళ్ళకేం తెలుసు!

మా ఫ్రిజ్ అలాగే వచ్చింది. అమలాపురంలో ఒక మాస్టారింట్లో గారెలు తిని, చెయ్యి కడుక్కుంటూనే బేరం చేశారు. బేరమంటే వాళ్ళు చెప్పింది విని తలూపడం. అందులో పాలు పెడితే సాయంత్రానికి పెరుగు. తోటలో మోటారు ఎవరింట్లోనో పనసపొట్టు కూర తిన్నందుకు వచ్చింది. స్కూటరు, టీవీ అన్నీ అంతే. చివరికి గేదె కూడా రెండో ఈతది. తిని లేచినవాడు ఆ ఇంటి వస్తువుకి వంక పెట్టడం మా వైపు మహా తప్పు. ఈయనకైతే అది పాపం కూడా. మా ఇంట్లోకి ఈయన కొత్తగా తెచ్చుకున్నదంటూ ఉంటే అది నేనొక్కదాన్నే.

అందుకే తొంభైతొమ్మిదిలో కారు కొందామనుకున్నప్పుడు నేను ఒకటే పట్టు పట్టాను. కొత్తదే కావాలి. రాజమండ్రి షోరూములో చూసిన తెల్ల మారుతి. దాని సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. ఆ కవరు నా చేత్తో నేను చింపాలి. నవ్వితే నవ్వండి, ఇన్నేళ్ళ కాపురంలో నేను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఒకళ్ళు వాడి వదిలేసినవి తుడిచి తుడిచి నాకు విసుగొచ్చేసింది.

"అలాగేలే రత్నం" అన్నారు ఈయన. అన్న వారంలోనే మలికిపురం నుంచి బంగారరాజు గారు ఫోను చేశారు. కొబ్బరికాయల వ్యాపారం చేస్తారు, వరసకి నాకు అన్నయ్య. తన నీలం కారు అమ్మేస్తున్నారట.

"ఊరికే చూసొద్దాం. చూస్తే తప్పేంటి?" అన్నారు ఈయన.

"చూడ్డానికెళ్తే భోజనానికి ఉండమంటారు. ఉంటే ఇంక ఆ కారు మనదే. నాకు తెలీదేంటండీ మీ సంగతి?"

"అయితే తినకుండానే వచ్చేద్దాం. ఒట్టు."

ఆ ఒట్టు మీద నమ్మకం లేక నేనూ బయల్దేరాను. కావాలనే శనివారం పెట్టుకున్నాం. ఇద్దరం ఉపవాసమని చెప్పాలి, అదీ ఏర్పాటు. పొద్దున్నే ఈయన చాలు చాలంటున్నా వినకుండా పెసరట్టు మీద పెసరట్టు వేసి కూరాను.

బంగారరాజు గారు వీధిలోకి ఎదురొచ్చారు. "రండి బావగారూ, రా చెల్లెమ్మా, ఎండనపడి వచ్చేరు, ముందు బొండాలు తాగండి."

"వద్దండి అన్నయ్యగారూ, ఉపవాసం. ముందు కారు చూద్దాం" అన్నాను.

కారుని శుభ్రంగా కడిగి పెట్టారు. డ్రైవరు వైపు తలుపు మాత్రం బయట నుంచి తెరుచుకోదు. ఆయన అవతలి వైపు నుంచి లోపలికి దూరి తీశారు. "దొంగల భయం ఉండదండి" అన్నారు. హారను నొక్కితే వైపరు కూడా ఆడింది. "వానాకాలం బాగా పనికొస్తదండి" అన్నారు. నేను మా ఆయన వంక చూశాను. ఆయన వంటింటి వంక చూస్తున్నారు.

ఇంతలో బంగారరాజు గారి భార్య సత్యనారాయణమ్మ వదిన గారు గుమ్మంలోకి వచ్చారు. "వదినగారూ, ఉపవాసం మీకు కదా, అన్నయ్యగారికి కూడానా?"

"ఇద్దరం కలిసి మొక్కుకున్నామండి."

"ఆయ్! అయితే అన్నం మాటే ఎత్తను. ఫలహారమే కదా, చిటికెలో చేసేస్తాను" అంటూ లోపలికి వెళ్ళిపోయారు.

కాసేపటికి చూద్దును కదా, ఆవిడ ఫలహారం ముందు పెళ్ళిభోజనం ఎందుకూ చాలదు! పాలతాలికలు, కొబ్బరిబూరెలు, మినపట్లు, నేతిలో వేయించిన జీడిపప్పు, గెలలోంచి అప్పుడే తుంచిన చక్కెరకేళీలు. నేను నీళ్ళు కూడా ముట్టలేదు. ఈయన కాళ్ళ మీద బల్ల కింద నా కాలితో తన్నాను కూడా. "కాస్త జరుగు రత్నం" అని కాళ్ళు ముడుచుకుని మరీ తిన్నారు. మూడోసారి తాలికలు వడ్డించుకుని, మూతి తుడుచుకుని, "కారు భేషుగ్గా ఉంది బావగారూ, తీసుకుంటాం" అనేశారు.

తిరుగు బస్సులో నాకు ఆకలి ఒకవైపు, ఏడుపు ఒకవైపు. పమిట నోట్లో కుక్కుకుని ఏడ్చాను. "తిన్నాక కాదని ఎలా అంటామే? బావగారేమనుకుంటారు?" అంటారీయన.

"తిన్నాక ఎవరూ కాదనలేరంటారా?" అన్నాను.

"మనిషన్నవాడు అనలేడు."

నాకు ఠక్కున ఏడుపు ఆగిపోయింది. "అయితే వచ్చే ఆదివారం కారు వాళ్ళనే తీసుకొచ్చి అప్పజెప్పమనండి. డబ్బులు అప్పుడే ఇద్దాం. ఆలుమగలిద్దరూ రావాలి. భోజనం మనింట్లోనే" అన్నాను. పాపం, నేను దారికొచ్చానని ఈయన పొంగిపోయారు.

ఆదివారం తెల్లారకముందే పొయ్యి వెలిగించాను. చింతచిగురు రొయ్యలు, బొమ్మిడాయిల పులుసు, నాటుకోడి కూర, గారెలు, మామిడికాయ పప్పు, పూర్ణాలు. పూర్ణాలకి చిల్లు పెట్టి అందులో నెయ్యి నేనే పోశాను. "నా మీద ఒట్టే అన్నయ్యగారూ, ఇంకొక్క గరిటె" అంటూ ఆయన వద్దని విస్తరికి అడ్డం పెట్టిన చేతి మీదే వడ్డించేశాను. సత్యనారాయణమ్మ గారు "బాబోయ్, ఇంక చాలండి వదినగారూ" అంటే, "మీరు పెట్టినదాంట్లో ఇది ఏ మూలకండీ" అని పెరుగు గడ్డ వేశాను. లేచేటప్పుడు బంగారరాజు గారు నేల మీద చెయ్యి ఆనించి లేచారు. ఇంక చాలనుకున్నాను.

వదినగారికి బొట్టు పెట్టి, చీర పెట్టి, ఆయనకి కిళ్ళీ అందించాను. "అన్నయ్యగారూ, ఒక్క మాట అడుగుతాను. కాదనకూడదు."

"ఎంత మాట చెల్లెమ్మా! ఇంత తిన్నాక కాదంటానా? అడుగు."

"మీ కారు మీ దగ్గరే ఉంచుకోవాలి."

బంగారరాజు గారి బుగ్గలో కిళ్ళీ అక్కడే ఆగిపోయింది. మా ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తూ నిలబడిపోయారు. అన్నయ్యగారు కాదంటే ఇంక జన్మంతా ఆ తలుపు లోపల నుంచి తెరుస్తూ బతకాలి.

ఆయన నోరు కదపకముందే సత్యనారాయణమ్మ గారు ఫక్కున నవ్వేశారు. "వదినగారూ, పెట్టి ఒప్పించేదాన్ని నేనే అనుకున్నాను. మీరు నన్ను మించిపోయేరు!" మొగుడి వైపు తిరిగి, "ఆయ్ అనండి, ఇంకేం చేస్తారు? ఆ రొయ్యలు తిన్నప్పుడే అయిపోయేరు మీరు" అన్నారు.

"ఆయ్" అన్నారు బంగారరాజు గారు, కిళ్ళీ మింగి.

తీరా వెళ్ళబోతే కారు కదల్లేదు. బంగారరాజు గారు తాళం ఎంత తిప్పినా వైపరే ఆడింది. మా ఆయన, పక్కింటి సత్తిబాబు తొయ్యడం మొదలుపెట్టారు. నేనూ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపి వెనక్కి వెళ్ళి చెయ్యి వేశాను. నా జన్మలో ఏ పనీ అంత సంతోషంగా చెయ్యలేదు.

వీధి మలుపు దాకా వెళ్ళేసరికి ఇంజను దగ్గింది. సత్యనారాయణమ్మ గారు కిటికీలోంచి తల బయటపెట్టి, "అన్నయ్యగారూ! కొత్త కారు కొన్నాక మొట్టమొదట మలికిపురమే రావాలి! భోజనం మా దగ్గరే!" అని అరిచారు.

ఈయన మర్యాదగా "ఆయ్" అనడానికి నోరు తెరిచారు. నేను ఆ కారుని ఇంకా గట్టిగా తోశాను.